తత్వం చదివిన చేతిలో ఫైలు

పాఠం చెప్పే మనిషిని తీసుకెళ్లి పాలన కుర్చీలో కూర్చోబెడితే లోకం సాధారణంగా రెండు మాటలే అంటుంది. పెద్దవాడయ్యాడని కొందరు, పాడైపోయాడని కొందరు. ఆ మనిషి తత్వశాస్త్రం చెప్పేవాడైతే రెండో మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. ధర్మం అంటే ఏమిటి, జ్ఞానం ఎలా కలుగుతుంది అని విచారించవలసిన బుర్రను గ్రాంట్లకూ బిల్లులకూ పరీక్షల తేదీలకూ ఒప్పజెప్పారే అని బాధపడతారు.

మా ఊరు పెద్దకొడప్‌గల్‌లో ఈ రెండూ కాని మాట ఒకటి విన్నాను. డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పుకుంటున్న రోజుల్లో ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీ అయితే నాకు ఎఫ్‌ఏసీ, అంటే పూర్తి అదనపు బాధ్యత ఇచ్చారు. ఊరికి వచ్చి ఇంట్లో చెప్పాను. మా మేనమామ కాసేపు ఆలోచించి, "అయితే అల్లుడా, ఇగ పోరగాండ్లకు పాఠం చెప్పుడు బందేనా?" అని అడిగాడు. ఆ మాటలో మెచ్చుకోలు లేదు, జాలీ లేదు. ఒక పనిలోంచి మనిషిని తీస్తే ఆ పని ఎవరు చేస్తారన్న లెక్క మాత్రం ఉంది. సేద్యం చేసేవాళ్లు మనుషుల్ని అలాగే చూస్తారు. హోదా ఏదైనా కానీ, చెయ్యవలసిన పని మిగిలిపోయిందా లేదా అన్నదే వాళ్లకు ముఖ్యం.

తత్వవేత్తలైన వైస్‌ఛాన్సలర్ల జీవితాలు చదివినప్పుడల్లా నేను ఆ ప్రశ్ననే వాళ్ల ముందు పెడుతూ వచ్చాను. పాఠం ఆగిందా? ఆగకపోతే ఏ రూపంలో సాగింది?

తెలుగువాళ్లలో ఈ వరసకు మొదటివారు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన తత్వశాస్త్రంలోకి వచ్చిన తీరు మా ఊరి పిల్లలకు చెబితే వెంటనే అర్థమవుతుంది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరేనాటికి కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేదు. అదే కాలేజీలో చదువు ముగించిన ఒక బంధువు తన తత్వశాస్త్రం పుస్తకాలు ఇచ్చేశాడు, గ్రూపు అలా కుదిరింది. మా వైపు ఇప్పటికీ అంతే. అన్న చదివిన గ్రూపే తమ్ముడూ చదువుతాడు, పుస్తకాలూ నోట్సూ ఇంట్లోనే ఉంటాయి కనక. దొరికిన పుస్తకాలతో మొదలైన ఆ చదువు 1908లో వేదాంత నీతి మీద ఎం.ఏ. సిద్ధాంత వ్యాసమై, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగమై, రాజమండ్రి, మైసూరు మీదుగా 1921లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్య పీఠం దాకా వెళ్లింది. మైసూరు వదిలి వెళ్లేటప్పుడు శిష్యులు గుర్రాల్ని విప్పేసి తామే ఆయన బండిని రైల్వే స్టేషన్ దాకా లాక్కెళ్లారని అందరూ చెప్పుకుంటారు. అది పాఠానికి దక్కిన గౌరవం. అలాంటిది పాలనకు దక్కదు. పాలకుడు సరిగ్గా చేసిన పని ఎవరి కంటా పడదు, జీతం ఒకటో తేదీన పడితే ఎవరూ చప్పట్లు కొట్టరు.

1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930 నాటికి వాల్తేరు చేరింది. మొదటి వైస్‌ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రాజీనామా చేసి వెళ్లిపోయారు. 1931లో రాధాకృష్ణన్ వచ్చి 1936 దాకా ఉన్నారు. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తుంటే సైన్సు కాలేజీ నిలదొక్కుకుంది. కొత్త విశ్వవిద్యాలయంలో గోడలు లేపడం ఎవరైనా చేస్తారు. ఆ గోడల మధ్య ఎవరిని నిలబెట్టాలన్న దగ్గరే వైస్‌ఛాన్సలర్ బుద్ధి బయటపడుతుంది.

ఆయన ఎవరిని తెచ్చారో చూడండి. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, అప్పటికి పాతికేళ్లు కూడా నిండని యువకుడు. రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి. హుమాయూన్ కబీర్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన కొత్తలో వాల్తేరులోనే పాఠం చెప్పారు. తర్వాత హిరేంద్రనాథ్ ముఖర్జీ, చరిత్ర, రాజనీతి చెప్పడానికి. ముందుముందు కమ్యూనిస్టు పార్టీ తరఫున పార్లమెంటులో గొప్ప వక్తగా పేరు తెచ్చుకున్న ముఖర్జీ ఆయనే. వైస్‌ఛాన్సలర్ చూస్తే వేదాంతి, జగత్తుకు మూలం చైతన్యమని నమ్మి పుస్తకాలు రాసినవాడు. తన సిద్ధాంతానికి నిలువునా ఎదురు నిలిచే ఆలోచన ఉన్న యువకుణ్ణి పిలిచి పిల్లల ముందు నిలబెట్టాడు.

నాకు ఇక్కడే పాఠం కనిపిస్తుంది. మన శాస్త్ర గ్రంథాల్లో సిద్ధాంతం చెప్పేముందు పూర్వపక్షం చెబుతారు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాతే తన మాట మొదలుపెట్టాలి. బలహీనమైన పూర్వపక్షాన్ని ఓడించినవాడు పండితుడనిపించుకోడు. జీవితమంతా ఆ క్రమంలో ఆలోచించినవాడు నియామకాల ఫైలు తెరిస్తే, తనతో ఏకీభవించేవాళ్లతోనే డిపార్టుమెంట్లు నింపడం అతనికి తప్పుగా తోస్తుంది. పూర్వపక్షం చెప్పే నోరు లేని చోట విద్య ఎలా సాగుతుంది? ముఖర్జీ నియామకం మీద పడిన సంతకంలో నాకు అద్వైతమూ కనిపించదు, రాజకీయమూ కనిపించదు. వాదానికి ఇచ్చిన గౌరవం కనిపిస్తుంది.

భగవంతం విషయం ఇంకో కారణంగా నాకు దగ్గరిది. ఆయన 1950ల్లో ఉస్మానియా వైస్‌ఛాన్సలర్‌గా హైదరాబాద్ వచ్చారు. ఈ ప్రాంతం నుంచి పై చదువుకు వెళ్లగలిగిన కొద్దిమందికీ అప్పుడు దిక్కు ఉస్మానియానే. వాల్తేరులో ఒక తత్వవేత్త ఒక కుర్రవాణ్ణి గుర్తుపట్టిన మేలు ఇరవై ఏళ్ల తర్వాత ఇటువైపు పిల్లలకు అందింది. అది ఏ పుస్తకంలోనూ తత్వశాస్త్రం కింద నమోదు కాదు.

ఉస్మానియాకు తనదైన తత్వశాస్త్ర చరిత్ర ఉంది, దాన్ని మనం బొత్తిగా మరిచిపోయాం. 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో ఖలీఫా అబ్దుల్ హకీమ్ తత్వశాస్త్రం చెప్పారు. జర్మనీ వెళ్లి హైడెల్‌బర్గ్‌లో రూమీ తాత్వికత మీద పరిశోధన చేసి తిరిగి హైదరాబాద్‌కే వచ్చారు. తర్వాత శ్రీనగర్‌లో అమర్‌సింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు, దేశ విభజన తర్వాత లాహోర్‌లో 1950లో ఇస్లామిక్ సంస్కృతి అధ్యయనానికి ఒక సంస్థనే నిలబెట్టారు. కాంట్‌నూ ప్లేటోనూ ఉర్దూలో చెప్పడానికి మాటలు దొరకని రోజుల్లో, మాటలు తయారు చేయించుకుంటూ పాఠాలు నడిపిన తరం అది. ఆ పని సగం పాండిత్యం, సగం పరిపాలన. పరిభాష కమిటీలు కూర్చోకపోతే క్లాసు నడవదు. తత్వశాస్త్రానికీ కార్యాలయానికీ మధ్య మనం ఊహించుకునే గోడ ఆ తొలి తరం దగ్గర లేనే లేదు.

ఈ విషయంలో నన్ను అందరికంటే ఎక్కువ ఆలోచింపజేసినవారు కొత్త సచ్చిదానందమూర్తి. 1924లో గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర ఆచార్యులు. 1975 నుంచి 78 దాకా తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్, 1986 నుంచి 89 దాకా ఢిల్లీలో యూజీసీ వైస్‌ఛైర్మన్. 1984లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ వచ్చాయి. 2011లో కన్నుమూశారు. ఇంతటి మనిషి పేరు చెబితే తెలంగాణలోనే కాదు, గుంటూరు దాటితే ఆంధ్రలోనూ చాలామంది గుర్తుపట్టరు. అది మన పత్రికలూ పాఠ్యపుస్తకాలూ చేసిన లోపం అని నా అభిప్రాయం.

1959లో వచ్చిన ఆయన పుస్తకం అద్వైత వేదాంతంలో శ్రుతి స్థానం ఏమిటి, యుక్తి స్థానం ఏమిటి అని తర్కించింది. ఒక మాట వేదంలో ఉంది కనుక ఒప్పుకోవాలా, బుద్ధికి ఒప్పినంతవరకే ఒప్పుకోవాలా? ఆ విచారణ అంతా బ్రహ్మం గురించి. కానీ నేను ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నాక అది నాకు ఇంకో విధంగా అర్థమైంది. ఆఫీసులో శ్రుతి ఏదంటే పాత జీవో. ఫైలు వస్తుంది. ఎడమవైపు నోట్, కుడివైపు కాగితాల కట్ట. నోట్‌లో విషయం, దానికి వర్తించే రూలు, గతంలో ఇలాంటిదానికి ఇచ్చిన ప్రొసీడింగ్స్, చివర "ఆదేశాల కొరకు సమర్పించడమైనది" అని ఉంటుంది. గతంలో ఎలా చేశారో అలాగే చేయమనడం అందరికీ క్షేమం. ఆడిట్ వస్తే అదే కాపాడుతుంది. ఆ పాత ఆదేశం ఏ కారణంతో పుట్టింది, ఆ కారణం ఇప్పుడు ఉందా అని అడిగితే సీనియర్ అసిస్టెంట్ మొహంలోకి ఆందోళన వస్తుంది. అతన్ని తప్పుపట్టలేను, పెన్షన్ దాకా వెళ్లవలసినవాడు. అడిగే బాధ్యత కుర్చీలో ఉన్నవాడిది. జీవితమంతా శ్రుతికీ యుక్తికీ మధ్య నిలబడి ఆలోచించిన మనిషి ఆ కుర్చీలో ఉంటే ప్రశ్న పుట్టే అవకాశం ఉంటుంది. ప్రమాణాన్ని గౌరవిస్తాడు, కానీ దాని వెనక దాక్కోడు.

మూర్తిగారు యూజీసీలో ఉన్న ఆ సంవత్సరాల్లోనే, 1986 జాతీయ విద్యావిధానం వెనువెంట, కాలేజీ అధ్యాపకుల శిక్షణకు అకడమిక్ స్టాఫ్ కాలేజీలు మొదలయ్యాయి. ఉస్మానియాలోనూ ఒకటి వచ్చింది. పాఠం చెప్పడం ఎలాగో ఎవరూ నేర్పకుండానే క్లాసులోకి వెళ్లిన మాలాంటివాళ్లం అక్కడి ఓరియంటేషన్ కోర్సులో మొదటిసారి ఇతర సబ్జెక్టులవాళ్ల పక్కన కూర్చున్నాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర వృక్షశాస్త్రం ఆయన, ఉర్దూ సాహిత్యం ఆవిడ, నేను పరీక్షల్లో కాపీల గురించి గంటలకొద్దీ వాదించుకోవడం ఇప్పటికీ గుర్తుంది. ఒక పథకం ఒక్కరి చేతిమీదుగా రాదు, ఇది ఫలానావారి గొప్ప అని నేను అనను. ఢిల్లీలో కదిలిన కాగితం కొడప్‌గల్ మనిషిని చేరిందని మాత్రం నాకు స్వయంగా తెలుసు.

మూర్తిగారి వెంట అదే వాల్తేరు నుంచి కోనేరు రామకృష్ణారావు వచ్చారు. తత్వశాస్త్రంలో మొదలై మనస్తత్వశాస్త్రంలోకి వెళ్లి, అమెరికాలో పరామనస్తత్వ పరిశోధకుడు జె.బి. రైన్ దగ్గర పనిచేసి, 1984 నుంచి 87 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలర్ అయ్యారు. తర్వాత భారత తాత్విక పరిశోధన మండలికి అధ్యక్షులయ్యారు. ఆయన నమ్మిన పరామనస్తత్వశాస్త్రం మీద నాకు అనుమానాలు ఉన్నాయి, కాబట్టి ఇక్కడ ఎక్కువ చెప్పను. ఒకే విభాగపు నీడలోంచి ఇన్ని కుర్చీలకు మనుషులు వెళ్లారన్నది మాత్రం గమనించవలసిన సంగతి.

నష్టం లేదని చెప్పడానికి నాకు మనసు రాదు. రాధాకృష్ణన్ పుస్తకాల సంవత్సరాలు వరసగా పెట్టి చూడండి. భారతీయ తత్వశాస్త్రం రెండు సంపుటాలు 1923, 1927లో. ఆదర్శవాదం మీద ఇచ్చిన హిబ్బర్ట్ ఉపన్యాసాలు వాల్తేరుకు ముందువి, పుస్తకంగా 1932లో వచ్చాయి. 1936లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పీఠానికి వెళ్లాక 1939లో ప్రాచ్య మతాలు, పాశ్చాత్య చింతన మీద పెద్ద పుస్తకం వచ్చింది. ఆ ఏడాదే కాశీ హిందూ విశ్వవిద్యాలయం బాధ్యత భుజాన పడింది. ఆ తర్వాత వచ్చిన పెద్ద గ్రంథాలు ఏవి? 1948లో గీత, 1950లో ధమ్మపదం, 1953లో ఉపనిషత్తులు, 1960లో బ్రహ్మసూత్రాలు. అన్నీ మూలానికి అనువాదమూ వ్యాఖ్యానమూ. వ్యాఖ్యానం తక్కువదని నేను అనడం లేదు, శంకరుడు చేసినదీ అదే. కానీ ఒక కొత్త దర్శనాన్ని మొదటినుంచి చివరిదాకా అల్లడానికి తెగని రోజులు కావాలి, నెలల తరబడి ఒకే ఆలోచనలో మునిగి ఉండాలి. శ్లోకం తర్వాత శ్లోకంగా సాగే వ్యాఖ్యానాన్ని రెండు సమావేశాల మధ్య, రైలు ప్రయాణంలో, తెల్లవారుజామున రాసుకోవచ్చు. పాలన ఆయన చేత కలం వదిలించలేదు, రాసే తీరును మార్చింది. ఇది నా ఊహే, కానీ ఆఫీసు పనుల మధ్య ఒక వ్యాసం పూర్తి చేయడానికి తంటాలు పడిన ఎవరికైనా ఇది అబద్ధమనిపించదు.

ఆ నష్టానికి బదులు ఏం వచ్చిందో 1942 చెబుతుంది. క్విట్ ఇండియా ఉద్యమంలో కాశీ విద్యార్థులు ముందు వరసలో ఉన్నారు. విశ్వవిద్యాలయాన్ని యుద్ధకాల ఆసుపత్రిగా మార్చేస్తానని గవర్నర్ మారిస్ హాలెట్ పట్టుబట్టాడు. రాధాకృష్ణన్ ఢిల్లీ వెళ్లి వైస్రాయ్‌తో మాట్లాడి దాన్ని ఆపించారు. ప్రభుత్వం డబ్బు ఆపేస్తే చందాలకు బయలుదేరారు. ఇంత ఒత్తిడిలోనూ ఆదివారాలు కాశీలో గీత మీద ప్రసంగాలు సాగించారు. మా మేనమామ అడిగిన ప్రశ్నకు ఇది సూటి జవాబు. పాఠం బంద్ కాలేదు. పాఠం చెబుతూ ఉండబట్టే ఆ చోటును ఎందుకు కాపాడాలో ఆయనకు మరపు రాలేదు.

నాకు మాత్రం ఆయన జీవితంలో అన్నిటికంటే దగ్గరగా అనిపించేది 1948 నవంబరులో మొదలైన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్. ఆయనే అధ్యక్షుడు. ఆ నవంబరుకు హైదరాబాద్ రాజ్యంలో పోలీసు చర్య ముగిసి రెండు నెలలే అయింది, ఈ పల్లెల్లో భయం ఇంకా తగ్గలేదు. ఆ సమయంలో దేశమంతా తిరిగి 1949 ఆగస్టులో కమిషన్ నివేదిక ఇచ్చింది. యూజీసీకి రూపం ఇచ్చింది అదేనని అందరూ చెబుతారు. అందులో గ్రామీణ విశ్వవిద్యాలయాల గురించి ఒక అధ్యాయమే ఉందని చాలా తక్కువమంది చెబుతారు. అమెరికాలో టెనెసీ లోయ ప్రాజెక్టుకు తొలి అధ్యక్షుడైన ఆర్థర్ మోర్గన్ అనే ఇంజనీరు ఆ కమిషన్ సభ్యుడు, ఆ ఆలోచనలో ఆయన చెయ్యి పెద్దది. నడుమ విశ్వవిద్యాలయ కేంద్రం, చుట్టూ పల్లెల్లో చిన్న చిన్న రెసిడెన్షియల్ కాలేజీలు, చదువుతో పాటు పని. పల్లె పిల్లవాడు చదువుకోసం పల్లెను వదలడం కాకుండా, పల్లెనే చదువుకోవాలి.

ఈ అధ్యాయం చదివినప్పుడు నేను మా ఊరిని అందులో పెట్టి చూసుకున్నాను. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గర. సంతలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. జొన్న, కంది, సోయా, పత్తి. నాందేడ్ వెళ్లే జాతీయ రహదారి ఊరిని తాకుతూ పోతుంది. అటుపక్క మంజీరా, దాని మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్. బడికొచ్చే పిల్లకు ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అయితే ఆలోచన ఏ భాషలో సాగుతుంది? కట్ట కట్టినప్పుడు నీళ్లు ఎవరికి, ముంపు ఎవరికి అన్నది ఎవరు నిర్ణయించాలి, ఏ న్యాయంతో? ఇవి తత్వశాస్త్రం ప్రశ్నలు. పుస్తకంలో వెతకనక్కర్లేకుండా మా దగ్గర రోడ్డు మీదే ఉన్నాయి. కానీ మా పిల్లలు డిగ్రీకి బిచ్కుంద, బాన్సువాడ వెళతారు, ఆ పైన నిజామాబాద్, హైదరాబాద్. ఎక్కడికి వెళ్లినా చదివేది ఇంకెక్కడి గురించో. కమిషన్ చెప్పినదాంట్లోంచి 1956లో కొన్ని గ్రామీణ సంస్థలు పుట్టాయి, తమిళనాడు గాంధీగ్రామ్ వాటిలో ఒకటి, అది నిలిచింది. చాలా చోట్ల ఆ ఆలోచన ఎండిపోయింది. తత్వవేత్త రాసిన ఫైలును తర్వాతివాళ్లు మూసిపెట్టారు. దానికి నాకు ఇప్పటికీ కోపం ఉంది.

2006లో డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది, భిక్కనూరులో దాని సౌత్ క్యాంపస్ ఉంది. మా జిల్లా పిల్లలకు అది గొప్ప ఆసరా. ఇక్కడ చదివిన మొదటి తరం ఆడపిల్లలు ఇప్పుడు ఊళ్లలో టీచర్లుగా కనిపిస్తుంటే సంతోషంగా ఉంటుంది. దాని వైస్‌ఛాన్సలర్ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది కాబట్టి నాకు దూరపు సంగతి కాదు. 2024 మే నెలలో వైస్‌ఛాన్సలర్ల పదవీకాలం ముగిశాక తెలంగాణలో చాలా విశ్వవిద్యాలయాలను అక్టోబర్ దాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జిలుగా నడిపారు. 2025 జనవరిలో యూజీసీ ఒక ముసాయిదా విడుదల చేసింది. అప్పటిదాకా ఆచార్యుడిగా పదేళ్ల అనుభవం అడిగిన చోట, పరిశ్రమల్లో, ప్రభుత్వ పాలనలో పెద్ద పదవులు చేసినవారూ వైస్‌ఛాన్సలర్ కావచ్చని అందులో ఉంది.

ఆ ఐఏఎస్ అధికారులు సమర్థులే. ఫైలు మా అందరికంటే వేగంగా కదిలిస్తారు, లెక్క తప్పరు. కానీ ఇరవై మూడేళ్ల కుర్రవాడిలో రాబోయే శాస్త్రవేత్తను గుర్తుపట్టడం వేరే విద్య. వందల మంది విద్యార్థుల కళ్లలోకి ఏళ్ల తరబడి చూస్తే తప్ప అది అబ్బదు. తనకు ఎదురు చెప్పేవాడికి ఉద్యోగం ఇవ్వడం ఏ రూల్ పుస్తకంలోనూ ఉండదు. గవర్నర్ మాట కాదనడానికి, ఆ మాట కాదంటే పోయేది పదవి ఒక్కటేనని, తిరిగి వెళ్లడానికి తనకు ఒక క్లాసు ఉందని తెలిసి ఉండాలి. ఈ చివరిది నేను బాగా నమ్ముతాను. తిరిగి వెళ్లడానికి పాఠం ఉన్నవాడికే ధైర్యం ఉంటుంది. పదవే తన మొత్తం బతుకైనవాడు దేనికీ కాదనలేడు.

అందుకని నేను అడిగేది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. సెర్చ్ కమిటీ అభ్యర్థి బయోడేటాలో పదవుల జాబితా చూసేముందు, చివరిసారి క్లాసులో పాఠం ఎప్పుడు చెప్పారో అడగాలి. నియమించాక, వైస్‌ఛాన్సలర్ వారానికి ఒక గంట బోధించాలని ఉత్తర్వులోనే రాయాలి. డిచ్‌పల్లి, భిక్కనూరు ఒకే హైవే మీద ఉన్నాయి. ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ. సబ్జెక్టు ఏదైనా ఫరవాలేదు. టైమ్‌టేబుల్‌లో మిగతా అధ్యాపకుల పేర్లతో పాటు ఆ పేరూ ఉండాలి, విద్యార్థులు ప్రశ్నలు అడగడానికి చివర పావుగంట వదలాలి.